నాలుగు వందల పన్నెండో స్తంభం దగ్గర భోజనం

ఆమె కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేసేది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనంతో చిగుళ్లు కట్టి, ఒక్కొక్క పన్నూ వరసలో నిలబెట్టి, తర్వాత ఆ మైనం కరిగించి, దాని చోట గులాబి రంగు ప్లాస్టిక్ నింపి ఉడకబెట్టి, చల్లారాక నునుపు పట్టి పంపించాలి. పదహారేళ్లుగా అదే పని. ఊళ్లో పెద్దవయసు వాళ్లలో సగంమంది నవ్వు తన కోడలి చేతిలోదేనని ఆమె మామగారు ఎదురింటివాళ్లకీ పక్కింటివాళ్లకీ గొప్పగా చెప్పుకునేవాడు. అలా చెప్పుకునే రోజుల్లో ఆయన నోట్లో ఇంకా సొంత పళ్లు ఆరుండేవి.

ఆ ఆరూ ఈ ఏడాది మొదట్లో ఒకదాని వెనక ఒకటి కదిలాయి. డాక్టరమ్మ అన్నిటినీ తీసేసి, చిగుళ్లు గట్టిపడటానికి మూడు నెలలు ఆగమంది. ఆ మూడు నెలలూ ఆయన మెత్తటి అన్నమూ, చిదిమిన దుంపలూ, పాలల్లో నానబెట్టిన రొట్టే తిన్నాడు. నోటికి నమిలే పని తగ్గేసరికి మాట్లాడే పని పెరిగింది. పొద్దున్న లేచింది మొదలు తిండి గురించే చెప్పేవాడు.

ఆయన టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పాత కొండదారి వెంట ఇరవయ్యారేళ్లు స్తంభం నుంచి స్తంభానికి నడిచాడు. గాలివానకి తీగ తెగితే ముడేసేవాడు, కొమ్మ పడితే నరికేవాడు, ఆకలైన చోట ఏ ఇల్లుంటే ఆ ఇంట్లో, ఏ కొట్టుంటే ఆ కొట్లో తినేవాడు. ఆ రుచులన్నీ ఇప్పుడు వరసపెట్టి గుర్తుకొచ్చాయి. ఒకచోట నిప్పుల మీద కాల్చిన మాంసం, ఒకచోట గుడ్ల కూర, ఒకచోట రాయి మీద కాల్చిన రొట్టె, వాగు పక్కన ఒకావిడ వండిపెట్టే చేపల కూర. ఆ చేపల కూర గురించి చెప్పేటప్పుడు మాత్రం కళ్లు మూసుకునేవాడు. ఆవిడ చేతి వంటలో ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువుండదు, ఒక్క రవ్వ తక్కువుండదు అనేవాడు.

వినీ వినీ ఒక సాయంత్రం కొడుకు అన్నాడు. "పళ్లు రానీ నాన్నా. నాలుగు రోజులు సెలవు పెడతాను. కార్లో ఆ దారి వెంటే వెళ్దాం. ఎక్కడెక్కడ తిన్నావో అక్కడల్లా మళ్లీ తిందువుగాని."

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాటిచ్చి పొద్దున్నే పనికి వెళ్లిపోయాడు. ఎక్కడ ఆగాలో, ఏ పూట ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో తేల్చే పని కోడలి నెత్తిన పడింది. ఆమె విసుక్కోలేదు. నిజానికి ఆమెకే ఎక్కువ సరదాగా ఉంది. ఇల్లూ ల్యాబూ తప్ప మరో చోటు చూసి ఐదేళ్లయింది. పని నుంచి రాగానే చేతులకంటిన ప్లాస్టర్ కడుక్కుని, ఒక తెల్లకాగితం, పెన్సిలు, ఫోన్లో మ్యాపు ముందు పెట్టుకుని మామగారి ఎదురుగా కూచుంది. రెండు సాయంత్రాల్లో తేలిపోతుందనుకుంది.

మామగారికి ఊళ్ల పేర్లు గుర్తులేవు. గుర్తులేకపోవడం కూడా కాదు, ఆయన ఆ దారిని ఎప్పుడూ ఊళ్ల పేర్లతో చూడలేదు. గుడ్ల కూర నూట తొంభయ్యో స్తంభం దగ్గర. చేపల కూర నాలుగు వందల పన్నెండో స్తంభం దగ్గర. ఆరు వందల యాభై అయిదు దాటాక రెండు మలుపులు తిరిగితే కాల్చిన మాంసం.

స్తంభానికీ స్తంభానికీ ఎంత దూరమని ఆమె అడిగింది. లెక్కగట్టి మ్యాపులో గుర్తు పెట్టుకోవచ్చని ఆశ.

"తిన్నగా ఉంటే అరవై మీటర్లు," అన్నాడాయన. "మలుపుల్లో నలభయ్యే. లోయ దాటేచోట తీగ లాగాలి కాబట్టి రెండు వందలు కూడా ఉంటుంది."

"మలుపులెన్ని మావయ్యా?"

"లెక్కపెట్టలేదమ్మాయ్. అక్కడ లెక్కలేసుకుంటూ నడిస్తే లోయలో పడతాం."

ఆమె పెన్సిలు కింద పెట్టి, మళ్లీ తీసుకుంది. ఆ స్తంభాలు ఇప్పుడున్నాయా అని కూడా అడిగింది. తీగలన్నీ భూమిలోకి వెళ్లి పదేళ్లయిందని, స్తంభాలు పీకేసే ఉంటారని ఆయన తాపీగా చెప్పాడు. మరి ఎలా గుర్తుపడతారంటే, దారి మీదకి వెళ్తే కాళ్లకి అదే తెలుస్తుందన్నాడు. కారులో వెళ్తూ కాళ్లకెలా తెలుస్తుందో ఆమె అడగలేదు. రెండు సాయంత్రాలనుకున్నది పదకొండు సాయంత్రాలైంది. చివరికి ఏడు చోట్లు కాగితం మీదికెక్కాయి, ప్రతి దాని పక్కనా ఒక ప్రశ్నార్థకం.

ఈలోగా పళ్లు తయారయ్యాయి. మామగారి సెట్టు తనే చెయ్యాలని ఆమె ముందే ల్యాబు ఓనరుతో చెప్పి ఉంచింది. ఆయన పాత ఫోటోలు వెతికి, ముందు రెండు పళ్ల మధ్య సందు కూడా అలాగే ఉంచి, రంగు ఎంచి, పదహారేళ్లలో ఎవరికీ చెయ్యనంత శ్రద్ధగా చేసింది. డాక్టరమ్మ పెట్టి చూసి, ఇంత చక్కగా కూచున్న సెట్టు ఈ మధ్య చూడలేదంది. మామగారు అద్దంలో చూసుకుని, బాగుందమ్మా అన్నాడు. ప్రయాణం వచ్చే శనివారమని ఇంట్లో నిశ్చయమైంది.

గురువారం పొద్దున్న ఆయన పై సెట్టు చేత్తో పట్టుకుని వచ్చి, ఎక్కడో ఒత్తుతోందన్నాడు.

ఎక్కడంటే ఇదమిత్థంగా చెప్పలేకపోయాడు. ఆమె తెల్లటి పేస్టు పూసి నోట్లో పెట్టి చూసింది. ఒత్తే చోట పేస్టు చెరిగిపోవాలి. ఎక్కడా చెరగలేదు. అయినా అనుమానం ఎందుకని అంచు ఒక వెంట్రుకవాసి అరగదీసింది. ఒత్తుతున్న పళ్లతో కొండెక్కడం ఎందుకు, రెండు వారాలాగుదామని కొడుకు సెలవు మార్చుకున్నాడు. తన బదులు పని చూడాల్సిన మనిషిని బతిమాలి ఒప్పించాడు.

రెండు వారాల తర్వాత ఒత్తడం పోయి, మాట్లాడుతుంటే కదులుతోందన్నాడు. ఆమె రెండు వేళ్లతో పట్టి లాగి చూసింది. బిగుతుగా ఉంది, లాగితే ఆయన తలే ముందుకొచ్చింది. మళ్లీ ల్యాబుకి తీసుకెళ్లింది, మళ్లీ తెచ్చింది. ఆ తర్వాత పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవట్లేదన్నాడు. తర్వాత ఏం లేదు గాని ఎందుకో బాగా లేదన్నాడు. సెలవు ఇంకోసారి మారింది. ఇక మార్చేది లేదు, ఈసారి వాడుకోకపోతే మళ్లీ సెలవు వచ్చే ఏడాదే అని కొడుక్కి వాళ్ల మేనేజరు చెప్పేశాడు. ఆ కోపం కొడుకు తండ్రి మీద చూపించలేక భార్య మీద చూపించాడు. నీ చేతిలో ఉన్న పని, నీ ఇంట్లో ఉన్న నోరు, రెండూ కుదర్చడానికి రెండు నెలలా అన్నాడు.

ఆ మాట ఆమెని గట్టిగా పొడిచింది. ల్యాబులో ఓనరు కూడా ఆమె బల్ల ముందు నిలబడి, మీ మామగారి సెట్టు ఇంకా పూర్తి కాలేదా అని నవ్వాడు. ఆమె పంటి బిగువున చేతిలో పని చూసుకుంది. తను చేసిన సెట్టులో లోపం లేదని ఆమెకి తెలుసు. ఆయన అబద్ధమాడే మనిషి కాదనీ తెలుసు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియక తలప్రాణం తోకకొచ్చేది.

ఒక మధ్యాహ్నం కళ్లజోడు మర్చిపోయి ఇంటికొచ్చింది. మామగారు వంటగదిలో గట్టు దగ్గర నిలబడి అన్నం తింటున్నాడు. పై సెట్టు పక్కన గ్లాసులో నీళ్లలో ఉంది. చిగుళ్లతోనే కూర కలిపిన అన్నాన్ని నోట్లో ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఆమెని చూసి ముద్ద మింగి, గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడ ఒత్తుతోంది మావయ్యా?" అని అడిగింది ఆమె. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆయన గ్లాసు మీది చెయ్యి తీశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"ఒత్తట్లేదమ్మాయ్. అది పెట్టుకుంటే నోట్లో పైన గోడ కట్టినట్టుంటుంది. అన్నం లోపలికెళ్తోంది, నమలడం అవుతోంది, రుచి మాత్రం రావట్లేదు. కూర వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియట్లేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు నా పాత ఫోటోలు ముందేసుకుని చేశావు కదా. ఎలా చెప్పను?"

ఆమె ఎదురుగా స్టూలు మీద కూచుంది. సగం మాట ఆయన ఇంకా చెప్పలేదని కూడా ఆమెకి అర్థమైంది. ఆ మిగతా సగం కూడా చెప్పాడు. అంత దూరం వెళ్లి ఆ చేపల కూర నోట్లో పెట్టుకుని, అది గడ్డి తిన్నట్టుంటే ఏం చెయ్యాలి. ఇప్పుడైతే ఆ రుచి గుర్తుంది. అక్కడికెళ్లి అది కూడా పోగొట్టుకోవడమెందుకని వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆమెకి కోపం ఆయన మీద రాలేదు. కట్టుడు పళ్లు కొత్తగా పెట్టుకున్నవాళ్లు రుచి తెలియట్లేదని చెప్పడం ఆమెకి కొత్త కాదు. డాక్టర్లు పంపే చీటీల్లో నెలకి రెండు మూడు అలాంటివి వస్తూనే ఉంటాయి. ప్రతి చీటీ వెనకా ఆమె 'అలవాటవుతుంది' అని రాసి పంపించేది. పదహారేళ్లలో అలా ఎంతమందికి రాసిందో. అలవాటు కావడమంటే రుచిని మర్చిపోవడమేనా అని ఒక్కసారైనా తనకి తోచలేదేమని తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం ల్యాబులో అందరూ వెళ్లాక ఉండి, పై సెట్టులో అంగిలికి ఆనే భాగం మందం కొలిచింది. రెండున్నర మిల్లీమీటర్లుంది. దాన్ని కొంచెం కొంచెంగా అరగదీస్తూ, దీపానికి ఎదురుగా పట్టి చూసుకుంటూ ఒకటిన్నరకి తెచ్చింది. ఇంకా తగ్గిస్తే విరుగుతుంది. ఇంతకే విరగొచ్చని ఓనరు మర్నాడు చూసి చెప్పాడు. ఇంటికి తెచ్చి పెట్టించి, చారు పోసిన గిన్నె ఇచ్చి, ఎలా ఉందని అడిగింది. కొంచెం నయమన్నాడు. ఆ 'కొంచెం' ఆమె మొహం చూసి వేసిందేనని ఆమెకి తెలిసిపోయింది. అయినా శనివారం బయల్దేరారు. ఇక ఆ శనివారం తప్పితే ఏడాది ఆగాలి.

పొద్దున్నే చల్లగా ఉంది. కొడుకు కారు నడుపుతున్నాడు, పక్కన తండ్రి, వెనక ఆమె, ఒళ్లో ఆ కాగితం. మొదటి చోటు నూట తొంభై, గుడ్ల కూర. ఊరు దాటాక దారి బాగా వెడల్పయింది. నాలుగు వరసల్లో బళ్లు, మధ్యలో గోడ, రెండు వైపులా ఇనప కంచె. మామగారు కిటికీలోంచి అటూ ఇటూ చూస్తూ, ఇక్కడే, కాదు ఇంకా ముందు, కాదు దాటిపోయాం అంటున్నాడు. ఎక్కడా ఆగే వీల్లేదు. గుడ్ల కూర వండే రేకుల ఇల్లుండాల్సిన చోట కార్లు కడిగే షెడ్డుంది. దాని ముందు మాత్రం బండి ఆపే చోటు దొరికింది, దిగి ఒక నిమిషం చూసి, మళ్లీ ఎక్కారు. ఆమె కాగితం మీద ఒక గీత కొట్టింది.

రెండోది నాలుగు వందల పన్నెండు. అక్కడికి చేరేలోపే పెద్ద పొరపాటు జరిగింది. కొండ మొదలయ్యే చోట దారి రెండుగా చీలింది. ఫోన్లో ఆడగొంతు కుడి వైపు వెళ్లమంది. కొడుకు కుడి వైపు తిప్పాడు. తండ్రి ఏదో అనబోయేలోపే కారు సొరంగంలోకి దూరింది.

కొత్త సొరంగం. పసుపు దీపాలు, పంకాల హోరు, తిన్నటి దారి. మామగారు సీటులో ముందుకి వంగి అద్దంలోంచి చూస్తున్నాడు, చూడటానికి సిమెంటు తప్ప ఏమీ లేదు. ఆరు నిమిషాల తర్వాత అటు వైపు తేలారు. వెనక్కి తిరిగి చూస్తే కొండ మొత్తం వెనకపడి ఉంది.

"అయిపోయిందా?" అని అడిగాడాయన.

రెండున్నర గంటల దారి తగ్గిందని, రోడ్డు అద్దంలా ఉందని కొడుకు సంతోషంగా చెప్పాడు. ఆ తగ్గిన రెండున్నర గంటల దారి కోసమే వచ్చామని భార్య వెనక నుంచి చెప్పింది. నువ్వు చెప్పొచ్చు కదా అన్నాడతను. మీరు నా మాట విన్నారా, ఫోను మాట విన్నారా అంది. వెనక్కి తిప్పడానికి సందు లేదు. పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్తే గాని మలుపు రాలేదు. ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ ఆమె ఒళ్లోని కాగితం మడుస్తూ విప్పుతూ కూచుంది. పదకొండు సాయంత్రాలు, మూడు సెలవులు, ఒక సెట్టు పళ్లు, అన్నీ కలిపి ఆరు నిమిషాల సొరంగంలో పోశామనిపించింది. ఇంతలో మామగారు వెనక్కి తిరిగి, పోనీలే అమ్మాయ్ అన్నాడు. ఆ ఓదార్పు ఆమెని ఇంకా మండించింది.

మళ్లీ సొరంగం దాటి, చీలిక దగ్గరికొచ్చి, ఎడమ వైపు పాత దారి పట్టేసరికి పదకొండు దాటింది. దారి మీద తారు పెచ్చులూడి ఉంది. ఎదురుగా ఒక్క బండి లేదు. మలుపు మలుపుకీ మంచు దట్టమవుతోంది. కారు నడక కంటే కాస్త వేగంగా పాకుతోంది. మామగారు కిటికీ అద్దం దించి తల బయట పెట్టాడు. కాసేపటికి ఆపమన్నాడు.

దిగి, దారి పక్క పొదల్లోకి వెళ్లి, కాలితో గడ్డి తొక్కుతూ వెతికాడు. ఆమె కూడా దిగి వెనకే వెళ్లింది. మోకాలెత్తున కోసేసిన ఇనప మొద్దు ఒకటి గడ్డిలో ఉంది. పైన తుప్పు. నంబరు లేదు. ఆయన దాని మీద చెయ్యి పెట్టి, ఎదురుగా ఉన్న బండరాయిని చూసి, మూడు వందల తొంభై ఎనిమిది అన్నాడు.

"నంబరు లేకుండా ఎలా తెలిసింది?"

"ఈ రాయిలోకి గునపం దిగలేదని రెండడుగులు పక్కకి పాతాం. ఆ రోజు నా చెయ్యి బొబ్బలెక్కింది."

అక్కడి నుంచి ఆయన కారెక్కలేదు. ముందు నడుస్తుంటే కారు వెనకాల మెల్లగా వచ్చింది. ప్రతి మొద్దు దగ్గరా ఆగి, నంబరు పైకి చెప్పి, కదిలేవాడు. కొన్నిచోట్ల మొద్దు కూడా లేదు, అయినా ఆగి నంబరు చెప్పాడు. కోడలు పక్కనే నడిచింది. మంచులో దారి పది గజాలకంటే కనిపించడం లేదు. అందమైన లోయ అని రెండు నెలలుగా వింటున్నది ఎక్కడో చేతి దూరంలోనే ఉందని తెలుస్తోంది, చూడటానికి లేదు. నాలుగు వందల పన్నెండు దగ్గర ఆయన ఆగి, కింద నుంచి నీళ్ల చప్పుడు వినమన్నాడు. వాగు. దాని గట్టు మీద పెంకుటిల్లు.

తలుపు తీసినావిడకి నలభై ఏళ్లుంటాయి. భోజనం దొరుకుతుందా అని అడిగితే వింతగా చూసింది. సొరంగం వచ్చాక ఈ దారిన ఎవరూ రావడం లేదని, బయటివాళ్లకి వండటం మానేసి ఆరేళ్లయిందని చెప్పింది. ఒకప్పుడు వండిపెట్టింది తన అత్తగారని, ఆవిడ లోపలే ఉందని చెప్పి, అంత దూరం నుంచి వచ్చారు కదా అని లోపలికి రమ్మంది. చేపలు ఇవాళ పడలేదు. ఇంట్లోవాళ్లు తినేదే ఉంది, ఆకుకూర వేసి ఉడికించిన దుంపలు, రొట్టె, పెరుగు.

పొయ్యి దగ్గర పీట మీద ముసలావిడ కూచుని ఉంది. మామగారు ఎదురుగా వెళ్లి వంగి నిలబడ్డాడు.

"నన్ను గుర్తుపట్టారా? టెలిఫోన్ లైను పని చేసేవాణ్ణి. ప్రతి మంగళవారం వచ్చేవాణ్ణి."

ముసలావిడ ఆయన్ని కిందా మీదా చూసింది. "స్తంభాలవాళ్లు చాలామంది వచ్చేవాళ్లు నాయనా. అందరూ తలకి గుడ్డ చుట్టుకునేవాళ్లు, ఎవరెవరో ఎలా గుర్తుంటారు. ఒకడు మాత్రం గుర్తున్నాడు. పెట్టిన ప్రతిసారీ ఉప్పు చాల్లేదని సణిగేవాడు. నువ్వేనా?"

"కాదు," అన్నాడు మామగారు.

కోడలు నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఉదయం నుంచి అదే మొదటి నవ్వు.

కంచాలు వచ్చాయి. దుంపల మీద నుంచి ఆవిరి లేస్తోంది. మామగారు ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. జేబు రుమాలు తీసి, అటు తిరిగి, పై సెట్టు ఊడదీసి రుమాల్లో చుట్టి కంచం పక్కన పెట్టాడు. కోడలు ఆ మూటని చూసింది. ఫోటోలు చూసి పేర్చిన పళ్లు, మిల్లీమీటరు మిల్లీమీటరు అరగదీసిన అంగిలి, అన్నీ పచ్చగళ్ల రుమాల్లో ఉన్నాయి.

"మావయ్యా, అది పెట్టుకునే తినండి," అంది. మాట కటువుగానే వచ్చింది. "ఈ పూట కోసమే కదా ఇన్ని తంటాలు పడ్డది."

"ఈ పూట కోసమేనమ్మా తీసింది," అన్నాడాయన.

రొట్టెని కూరలో నానబెట్టి, పై చిగుళ్లకి ఆనించి, తొందర లేకుండా తిన్నాడు. ఆమె రొట్టె ముట్టలేదు. తను ఏం ఆశించిందో, ఏం పోయిందో విడదీసి చెప్పుకోలేక, పెరుగు గిన్నె మాత్రం ఖాళీ చేసింది. భర్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దుంపలు బాగున్నాయని ఇంటావిడతో మూడుసార్లు చెప్పాడు. లేవబోతూ మామగారు సెట్టు పెట్టుకుని, ముసలావిడ దగ్గరికెళ్లి, కడుపు నిండిందమ్మా అని దణ్ణం పెట్టాడు. ఇంటావిడ డబ్బు తీసుకోలేదు. ఈసారి ముందు కబురు చేస్తే చేపలు పట్టించి ఉంచుతానంది.

బయటికొచ్చేసరికి మంచు కాస్త పలచబడింది. కొడుకు ఫోను మోగింది. ఏదో ఆఫీసులో లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, తన బదులు పని చూస్తున్న మనిషికి తాళం ఎక్కడుందో తెలియలేదు. అతను సిగ్నల్ వెతుక్కుంటూ దారి మీదికి పోయి, ఎర్ర బటను కాదయ్యా, దాని కిందది అని అరుస్తున్నాడు.

దారి అంచున రాతిగోడ మీద మామగారూ కోడలూ కూచున్నారు.

"ఎలా ఉంది మావయ్యా, నిజం చెప్పండి," అంది ఆమె.

ఆయన ఇంటి వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. "ఉప్పు చాల్లేదు. దుంపలు అడుగంటాయి. పొగ వాసన. ఆకుకూర మాత్రం ఇప్పుడే కోసింది." ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన మొహం విచ్చుకుంది. పళ్లు తీయించుకున్నప్పటి నుంచి ఏ కూరనీ ఆయన ఇలా తప్పుపట్టలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె ప్లాస్టిక్కు బదులు పలచటి లోహపు రేకుతో అంగిలి చెయ్యొచ్చని చెప్పింది. కాగితమంత కాకపోయినా, ఇప్పుడున్న దాంట్లో మూడో వంతు మందం. వేడీ చల్లనా తెలుస్తాయి. రుచి మొత్తం వస్తుందని మాటివ్వలేను, ఇప్పటికంటే మెరుగ్గా ఉంటుందంది. చిక్కేమిటంటే దాన్ని తర్వాత అరగదీసి సర్దడం కష్టం, అచ్చు మళ్లీ మొదటినుంచి తీయించాలి, డాక్టరమ్మ దగ్గరికి నాలుగుసార్లు తిరగాలి. ముందే చెయ్యాల్సింది, తనకి తట్టలేదు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నెలన్నర."

"చెయ్యి," అన్నాడాయన హాయిగా కాళ్లు చాపుకుని. "మనకేం తొందర."

రెండు నెలలుగా శనివారాలు లెక్కపెట్టుకుంటూ, అందరి చేతా మాటలు పడుతూ పరిగెత్తిన మనిషి ఆమె. ఆ మాటకి ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన అప్పటికే వేలు చాపి, మంచు విడిపోతున్న చోట, లోయకి అటు వైపు కనిపించీ కనిపించని గట్టు చూపిస్తున్నాడు. అక్కడ రాయి మీద రొట్టె కాల్చేవాళ్లున్నారట. ఏ స్తంభమో సరిగ్గా గుర్తులేదట, ఏడు వందల ఇరవయ్యో, ముప్పయ్యో. కాగితంలో అది లేదు కదా అంటే, ఆ చోటు ఇప్పుడే గుర్తొచ్చిందని, నడిస్తే నంబరు కాళ్లే చెబుతాయని అన్నాడు.

భర్త ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి, ఏంటి మాట్లాడుకుంటున్నారని అడిగాడు.

"ఏం లేదు," అని ఆమె గోడ దిగి, చీర కుచ్చిళ్లకి అంటిన గడ్డి దులుపుకుంది. "బండి తియ్యండి. నెమ్మదిగా. మీ నాన్న నడుస్తారట."